ముప్పై ఎనిమిదేళ్ల వయసులో హైస్కూల్ చదువు: ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీకు 38 ఏళ్లు. తొమ్మిదో తరగతి మధ్యలో చదువు ఆగిపోయింది. పగలంతా ఉద్యోగం, ఇంట్లో ఇద్దరు పిల్లలు. ఇప్పుడు హైస్కూల్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలని ఉంది. లెక్కలంటే భయం, చదివింది గుర్తుంటుందో లేదోనని అనుమానం, పిల్లల ముందు పుస్తకం తెరవాలంటే మొహమాటం. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంత కాలం పడుతుంది అని అడిగారు.

నేను 14 ఏళ్లుగా సాయంత్రం పూట పెద్దవాళ్లకు పాఠాలు చెబుతున్నాను, ఎక్కువగా లెక్కలే. మీలాంటి వాళ్లు చాలామంది నా ముందు కూర్చుని చదివి పాసయ్యారు. మధ్యలో మానేసినవాళ్లూ ఉన్నారు. వాళ్లు ఎందుకు మానేశారో దగ్గరుండి చూశాను కాబట్టి ముందు ఆ సంగతే చెబుతాను.

తొమ్మిదిలో ఆపేశాను కాబట్టి తొమ్మిదో తరగతి పుస్తకంతోనే మొదలుపెట్టాలని మీకు అనిపిస్తూ ఉంటుంది. దాదాపు అందరూ అలాగే అనుకుంటారు. పుస్తకం కొంటారు, మొదటి పాఠం తీస్తారు, రెండో పేజీలోనే చిక్కుకుపోతారు. వారం తిరిగేసరికి "నా బుర్రకి ఎక్కదులే" అని పుస్తకం అటక మీద పడేస్తారు. బడికి వెళ్లడం తొమ్మిదిలో ఆగి ఉండొచ్చు. పాఠం అర్థం కావడం మాత్రం అంతకు చాలా ముందే ఎక్కడో ఆగిపోయి ఉంటుంది. నేను చూసినవాళ్లలో ఎక్కువమందికి అది భిన్నాల దగ్గర, లేకపోతే రుణ సంఖ్యల దగ్గర. ఆ చోటు ఏదో కనిపెట్టి అక్కడి నుంచి మొదలుపెట్టినవాళ్లు నిలబడ్డారు. దాన్ని దాటేసి పై తరగతి పుస్తకం పట్టుకున్నవాళ్లే మానేశారు.

ఒక వడ్రంగి పని చేసే ఆయన 41 ఏళ్ల వయసులో నా దగ్గరికి వచ్చారు. చెక్క మీద గీత పెట్టకుండానే "ఇక్కడ ముప్పావు అంగుళం తీసేయాలి" అని చెప్పగల మనిషి. మొదటి రోజు కాగితం మీద 3/4 − 1/2 రాసిచ్చాను. పైన మూడులోంచి ఒకటి, కింద నాలుగులోంచి రెండు తీసేసి 2/2 అని రాశారు. అంటే ఒకటి. నేను కాగితం పక్కన పెట్టి, "ముప్పావులోంచి అర తీసేస్తే ఎంత మిగులుతుందండీ?" అని అడిగాను. "పావు" అన్నారు వెంటనే. అప్పుడు 3/4 కింద ముప్పావు, 1/2 కింద అర, చివర 1/4 రాసి దాని కింద పావు అని రాశాను. ఆయన ఆ కాగితం వైపు చాలాసేపు చూశారు. "ఇదేనా అది!" అన్నారు. ముప్పై ఏళ్లుగా చేతిలో ఉన్న లెక్కే అది. కాగితం మీద దాని రూపం ఆయనకు ఎవరూ చూపించలేదు, అంతే.

అందుకని మొదటి వారం పరీక్ష గురించి, ఫీజు గురించి ఏమీ ఆలోచించకండి. నాలుగు నుంచి ఏడు వరకు లెక్కల పుస్తకాలు సంపాదించండి. పాతవైనా ఫర్వాలేదు, మీ పిల్లలవైనా సరే. ఒక్కో పాఠం చివర ఉన్న అభ్యాసంలోంచి ఐదేసి లెక్కలు చేయండి. జవాబు నోటితో చెప్పుకుంటే కుదరదు, పెన్నుతో పూర్తిగా రాయాలి. ఐదింట్లో నాలుగు సరిగ్గా వస్తే ముందుకు వెళ్లండి. రెండు మూడు కంటే ఎక్కువ రాకపోతే అక్కడ ఆగండి. మీ చదువు మొదలయ్యేది అక్కడే. అది ఐదో తరగతి పాఠమైతే ఐదో తరగతే. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. పిల్లలకు ఏడాది పట్టే పాఠాలు పెద్దవాళ్లు ఒకటి రెండు నెలల్లో దాటడం నేను మళ్లీ మళ్లీ చూశాను. సంసారం నడిపిన మనిషికి వడ్డీ, శాతం, సగటు అనేవి కొత్త సంగతులు కావు మరి.

లెక్క చేశాక జవాబు నమ్మేలా ఉందా అని ఒకసారి చూసుకునే అలవాటు మొదటి రోజు నుంచే చేసుకోండి. 1/2 + 1/3 ఎంత అంటే చాలామంది పైవి కూడి, కిందివి కూడి 2/5 అంటారు. రెండు ఐదో వంతులంటే అర కంటే తక్కువ. అరకు ఇంకొంచెం కలిపితే అర కంటే తక్కువ ఎలా అవుతుంది? ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే తప్పు మీకే దొరుకుతుంది. రెండింటినీ ఆరో వంతుల్లోకి మార్చండి: 3/6, 2/6. కలిపితే 5/6. అలాగే −3 − 4 దగ్గర "మైనస్ మైనస్ ప్లస్" అని ఎప్పుడో బట్టీ పట్టిన ముక్క గుర్తొచ్చి 7 అని రాసేస్తారు. మూడు అప్పు ఉంది, ఇంకో నాలుగు అప్పు చేశారు, మొత్తం ఏడు అప్పు, −7. సూత్రం కంటే ఇలా ఆలోచించడం మీకు సులువు, ఎందుకంటే అప్పంటే ఏమిటో పన్నెండేళ్ల పిల్లవాడికన్నా మీకు బాగా తెలుసు.

ఇక వయసు సంగతి. బుర్రకు ఎక్కదన్న టెన్షన్ దాదాపు అందరికీ ఉంటుంది. అమెరికాలోని సియాటిల్‌లో వార్నర్ షాయీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1956లో ఒక అధ్యయనం మొదలుపెట్టి, అవే మనుషులను ఏడేళ్లకోసారి పరీక్షిస్తూ దశాబ్దాల పాటు కొనసాగించారు. చూసి గుర్తుపట్టే వేగం మెల్లగా తగ్గుతూ వచ్చింది కానీ, మాటల అర్థం గ్రహించడం, కారణం పట్టుకుని ఆలోచించడం నడివయసు దాకా బాగానే నిలబడ్డాయి. నా క్లాసులోనూ అదే కనిపిస్తుంది. పదిహేనేళ్ల పిల్ల కంటే మీకు లెక్క పూర్తి చేయడానికి కొంచెం ఎక్కువ సమయం పడుతుంది. చరిత్ర పాఠంలో "ఈ ఉద్యమం ఎందుకు వచ్చింది" అన్న ప్రశ్నకు మాత్రం మీరు ఆ పిల్ల కంటే మంచి జవాబు రాస్తారు. తగ్గిన ఆ కాస్త వేగాన్ని పాత ప్రశ్నపత్రాల సాధనతో చాలావరకు పూడ్చుకోవచ్చు.

గుర్తుండకపోవడానికి ఎక్కువగా కారణం చదివే పద్ధతి. పెద్దవాళ్లు పాఠాన్ని నాలుగుసార్లు చదువుతారు, ముఖ్యమైన చోట గీతలు గీస్తారు, అంతా తెలిసినట్టే ఉంటుంది, మూడు రోజుల తర్వాత చూస్తే ఏమీ ఉండదు. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు ఈ విషయం మీదే ఒక ప్రయోగం చేశారు. విద్యార్థుల్లో కొందరు పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు. మిగతావాళ్లు ఒకసారి చదివి, చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే చూడకుండా రాసినవాళ్లు ముందుకు వచ్చారు. మీరు చేయాల్సింది కూడా ఇదే. రెండు పేజీలు చదవండి, పుస్తకం మూసేయండి, గుర్తున్నంతవరకు మీ మాటల్లో రాయండి. తర్వాత పుస్తకం తెరిచి ఏం వదిలేశారో చూసుకోండి. మొదట్లో సగం కూడా గుర్తు రాదు, కాస్త ఇబ్బందిగా ఉంటుంది. అప్పుడే గాభరా పడి మళ్లీ చదవడంలోకి జారిపోవద్దు. మర్నాడు ఒకసారి, వారానికి ఒకసారి అదే పాఠం ఇలాగే రాయండి. పోయిన నెల చదివిన పాఠం మీద పది నిమిషాలు పెట్టకుండా కొత్త పాఠం తీయకండి.

ఏ దారిలో వెళ్లాలి అన్నది మీరున్న చోట ఏం దొరుకుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది. స్థూలంగా మూడు రకాలు. సాయంత్రం పూట నడిచే పెద్దల బడులు, ఇంటి దగ్గరే చదువుకుని పరీక్ష రాసే ఓపెన్ స్కూళ్లు, బడితో సంబంధం లేకుండా సమాన స్థాయి ఉందని రుజువు చేసే పరీక్షలు. మూడో రకానికి బాగా తెలిసిన ఉదాహరణ అమెరికాలోని జీఈడీ. రెండో ప్రపంచ యుద్ధం వల్ల చదువు మధ్యలో ఆగిన సైనికుల కోసం 1942లో మొదలైంది. ఇప్పుడు అందులో లెక్కలు, భాష, సైన్స్, సాంఘికశాస్త్రం అని నాలుగు పరీక్షలుంటాయి. స్కోరు 100 నుంచి 200 మధ్య ఇస్తారు, ఒక్కోదానిలో 145 వస్తే పాస్. నాలుగూ ఒకే రోజు రాయనక్కర్లేదు. రెండో రకానికి ఉదాహరణ మన దేశంలో 1989లో ఏర్పడిన జాతీయ ఓపెన్ స్కూల్, ఇప్పటి ఎన్ఐఓఎస్. అందులో పదో తరగతి స్థాయికి కనీస వయసు 14 ఏళ్లు, పై వయసుకు పరిమితి లేదు. పాస్ కావాల్సినవి ఐదు సబ్జెక్టులు, అందులో కనీసం ఒకటి భాష. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు జరుగుతాయి, ఐదేళ్లలో మొత్తం తొమ్మిది అవకాశాలు. ఒకసారి పాసైన సబ్జెక్టు మళ్లీ రాయక్కర్లేదు, అది మీ ఖాతాలో అలాగే ఉంటుంది.

విడివిడిగా రాసుకునే ఈ వీలే పెద్దవాళ్లకు అన్నిటికంటే ముఖ్యం. అయినా సరే, ఎంతమందో మొదటిసారే అన్ని సబ్జెక్టులకూ ఫీజు కట్టేస్తారు. "ఒకేసారి అయిపోతే పోదా" అంటారు. ఉద్యోగం చేస్తూ ఐదు సబ్జెక్టులు ఒకేసారి చదవడం అవదు. మూడు పోతాయి, దానితో మనసు విరిగిపోతుంది. మొదటి విడతలో రెండే రాయండి. ఒకటి భాష, ఇంకొకటి మీకు ఇష్టమైన సబ్జెక్టు. చేతికి రెండు పాస్ మార్కులు వస్తే ఇంట్లోవాళ్లు మిమ్మల్ని చూసే చూపు మారుతుంది, మీకే మీ మీద నమ్మకం కుదురుతుంది. లెక్కలు మాత్రం మొదటి రోజే మొదలుపెట్టండి, పరీక్ష చివర్లో రాయండి. ఇతర సబ్జెక్టులు నెలల్లో తయారవుతాయి. లెక్కలకు రోజూ ఇరవై నిమిషాల చొప్పున ఏడాది, ఏడాదిన్నర కావాలి. వారమంతా వదిలేసి ఆదివారం నాలుగు గంటలు కూర్చుంటే లాభం లేదు.

కొన్ని చోట్ల లెక్కలు తీసుకోకుండానే సర్టిఫికెట్ పొందే వీలుంది. ఎన్ఐఓఎస్‌లో కూడా లెక్కలు తప్పనిసరి కాదు. భయమేస్తోంది కదా అని వెంటనే ఆ దారి పట్టకండి. ఈ సర్టిఫికెట్ మీకు ఎందుకు కావాలో ముందు ఒక కాగితం మీద రాసుకోండి. ప్రమోషన్ కోసమా, ఏదైనా కోర్సులో చేరడానికా, డిగ్రీ దాకా వెళ్లాలనా, లేక చదువు పూర్తి చేశానన్న తృప్తి కోసమా? ఆఖరిదైతే మీకు నచ్చిన ఐదు సబ్జెక్టులు హాయిగా చదువుకోండి. కోర్సు కోసమైతే ఆ కోర్సు చెప్పే సంస్థనే నేరుగా అడగండి: ఈ బోర్డు సర్టిఫికెట్ ఒప్పుకుంటారా, ఏయే సబ్జెక్టులు ఉండాలి, ఎన్ని మార్కులు కావాలి అని. ఫోన్‌లో "ఆ, సరిపోతుందండీ" అన్న మాట మీద ఆధారపడొద్దు, రాతపూర్వకంగా తీసుకోండి. సాంకేతిక కోర్సులకు చాలావాటికి లెక్కలు, సైన్స్ ఉండి తీరాలి. సబ్జెక్టులు ఎంచుకున్నాక ఈ సంగతి తెలిస్తే రెండేళ్ల కష్టం వృథా అవుతుంది.

చదవకుండానే పదిహేను రోజుల్లో సర్టిఫికెట్ ఇప్పిస్తామనేవాళ్లు తగులుతారు. నా దగ్గర చదవాల్సిన ఒకావిడ అలాంటి చోట డబ్బు కట్టింది. చేతికి వచ్చిన కాగితం చూడటానికి చాలా బాగుంది, ముద్రలు కూడా ఉన్నాయి. ఉద్యోగంలో సర్టిఫికెట్ల తనిఖీ వచ్చినప్పుడు ఆ పేరుతో గుర్తింపు పొందిన బోర్డే లేదని తేలింది. ఉన్న ఉద్యోగం కూడా పోయింది. ఆవిడ ఏడుస్తూ చెప్పిన ఆ సాయంత్రం నేను మర్చిపోలేను. బోర్డుకు ప్రభుత్వ గుర్తింపు ఉందో లేదో ప్రభుత్వ విద్యాశాఖ జాబితాలో మీరే చూసుకోండి. ఫీజు బోర్డుకే నేరుగా కట్టండి, మధ్యవర్తి చేతిలో పెట్టకండి.

దరఖాస్తు చేసేటప్పుడు పేరు, పుట్టిన తేదీ దగ్గర చాలా జాగ్రత్త. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ పెద్దవాళ్లను ఇంతగా ఇబ్బంది పెట్టేది మరొకటి లేదు. చిన్నప్పటి బడి రికార్డులో ఒక పేరు, గుర్తింపు కార్డులో పెళ్లయ్యాక మారిన ఇంటిపేరు, బ్యాంకులో ఇంకో రకం స్పెల్లింగ్ ఉంటాయి. పుట్టిన తేదీ ఒకచోట అమ్మ చెప్పింది, ఇంకోచోట బడిలో చేర్చేటప్పుడు మాస్టారు వేసింది. హైస్కూల్ సర్టిఫికెట్ మీద అచ్చయిన తేదీయే ఆ తర్వాత చాలాచోట్ల మీ వయసుకు ఆధారమవుతుంది. తర్వాత మార్చుకోవడం చాలా కష్టం. అందుకే దరఖాస్తుకు ముందే మీ కాగితాలన్నీ ఒకచోట పెట్టి, పేరులో ప్రతి అక్షరం, తేదీలో ప్రతి అంకె సరిచూడండి. తేడా ఉంటే ముందు గుర్తింపు కార్డును సరిచేయించుకోండి, లేదంటే ఆ బోర్డు ఎలాంటి అఫిడవిట్ ఒప్పుకుంటుందో కనుక్కోండి. పాత బడి నుంచి టీసీ దొరికితే తీసుకోండి. దొరకకపోయినా ఆగిపోకండి, ఎనిమిదో తరగతి వరకు చదివానని స్వయంగా రాసి ఇచ్చే ధ్రువీకరణను ఒప్పుకునే బోర్డులున్నాయి.

పరీక్ష దగ్గర పడేసరికి ఎవరూ ముందుగా చెప్పని ఒక కష్టం ఎదురవుతుంది. అది చేతిది. 45 ఏళ్ల ఒకావిడ మొదటిసారి మూడు గంటల మోడల్ పేపర్ రాయడానికి కూర్చుంది. పాఠాలన్నీ బాగా వచ్చు. నలభై నిమిషాలు గడిచేసరికి పెన్ను కింద పెట్టి బొటనవేలు నొక్కుకుంటోంది. వేలి మీద పెన్ను ఒత్తుకుని ఎర్రగా గుంట పడింది. అక్షరాలు మొదటి పేజీలో గుండ్రంగా ఉన్నాయి, నాలుగో పేజీకి వచ్చేసరికి గీతల్లా అయిపోయాయి. ఇరవై ఏళ్లుగా సంతకం తప్ప చేత్తో ఏమీ రాయని వేళ్లు మరి. చివరి రెండు ప్రశ్నలు వచ్చి కూడా రాయలేకపోయింది. ఆ రోజు నుంచి రోజూ ఒక పేజీ, తర్వాత రెండు పేజీలు రాయడం మొదలుపెట్టింది. ఏం రాస్తున్నామన్నది ముఖ్యం కాదు. కొన్ని రోజులు ఆ రోజు ఇంట్లో ఏం జరిగిందో రాసేది. మూడు నెలల తర్వాత పూర్తి పేపర్ పది నిమిషాల ముందే ముగించింది. మీ పరీక్ష పెన్నుతో రాసేదైతే ఈ పని ఇవాళే మొదలుపెట్టండి. కంప్యూటర్ మీద రాసేదైతే ఆ సమయం కీబోర్డుకు కేటాయించండి. జీఈడీ కంప్యూటర్ మీదే ఉంటుంది.

ఇంకొక్కటి, ప్రశ్న చదవడం. "కారణాలు రాయండి" అన్నచోట ఆ విషయం గురించి తెలిసిందంతా రాసేస్తారు. "తేడాలు రాయండి" అంటే ముందు ఒకదాని గురించి ఒక పేరా, తర్వాత రెండోదాని గురించి ఇంకో పేరా రాస్తారు. అందులో తేడా ఎక్కడుందో దిద్దేవాళ్లు వెతుక్కోవాల్సి వస్తుంది. ప్రశ్నలో ఏం చేయమన్నారో ఆ మాట కింద గీత గీసి, ఎన్ని మార్కులో చూసి, అన్ని విషయాలే రాయండి. రెండు మార్కుల ప్రశ్నకు పేజీన్నర రాసి సమయం చాలక పది మార్కులు వదిలేసుకున్నవాళ్లను ఎందరినో చూశాను.

ఎంత కాలం అని అడిగారు కదా. వారానికి ఐదు రోజులు, రోజుకు గంట నుంచి గంటన్నర చదవగలిగితే రెండేళ్లు అనుకోండి. పునాది గట్టిగా ఉంటే ఏడాదిన్నరలో అవుతుంది. ఆరు నెలల్లో అయిపోవాలని పెట్టుకోకండి. పిల్లలకు జ్వరం వస్తుంది, ఆఫీసులో పని పెరుగుతుంది, పదిహేను రోజులు పుస్తకం ముట్టుకోలేరు. అలాంటప్పుడు వదిలిపోయిన పాఠాలన్నీ ఒకేసారి పూర్తి చేయాలని చూడకండి, ఆగిన చోటు నుంచే కొనసాగించండి. గంట దొరకని రోజున పది నిమిషాలైనా రెండు లెక్కలు చేయండి. నా అనుభవంలో తెల్లవారుజామున చదివేవాళ్లు రాత్రి చదివేవాళ్ల కంటే ఎక్కువగా నిలబడతారు. రాత్రికి ఒంట్లో ఓపిక మిగలదు.

పిల్లల ముందు మొహమాటం అన్నారు. పుస్తకం దాచకండి. వాళ్ల చేతికి మీ పుస్తకం ఇచ్చి ప్రశ్నలు అడగమనండి. మీరు పుస్తకం చూడకుండా జవాబు చెప్పడం అనే పద్ధతి దానితోనే అయిపోతుంది. నా దగ్గర చదివిన ఒకావిడకు ఆమె పదేళ్ల కూతురే పరీక్షలు పెట్టేది. గడియారం పట్టుకుని కూర్చుని, ఎర్ర పెన్నుతో దిద్ది, తప్పు వస్తే "మళ్లీ చదువమ్మా" అనేది. ఆవిడ పాసైన రోజున ఆ పాప పెట్టిన పరీక్షల కాగితాలన్నీ కట్ట కట్టి తెచ్చి నాకు చూపించింది.

ముందు ఆ నాలుగు పుస్తకాలు సంపాదించి అభ్యాసాలు చేయండి. ఏ తరగతిలో, ఏ పాఠం దగ్గర ఆగారో చెబితే, అక్కడి నుంచి మొదటి నెలకు ఏం చదవాలో నేను రాసి ఇస్తాను.